పిట్టగోడ దగ్గర అడిగే మాట

చిన్నతల్లికి నాన్న దీవెనలు.

ఇంట్లో అందరం బాగున్నామని రాయడం అలవాటు కాబట్టి రాస్తున్నాను. అమ్మ నిజంగానే బాగుంది. నీ హాస్టల్ గదిలో ఫ్యాను తిరుగుతోందా లేదా అని రోజూ నన్నే నిలదీస్తోంది, ఆ ఫ్యాను నేను బిగించినట్టు. నా సంగతి మాత్రం ఒక్క మాటలో తేలేది కాదు. నాతో జతగా మేడల అద్దాలు తుడిచే, మేమంతా ఈల అని పిలిచే అతను నీకు తెలుసుగా, కిందటి మంగళవారం తాడు మీద నుంచి జారాడు. ప్రాణభయం లేదన్నారు. రేపు పది గంటలకు ఆఫీసులో విచారణ. అక్కడ నేను చెప్పే మాట మీదే అతని ఉద్యోగం ఉంటుందో ఊడుతుందో తేలుతుంది. అంతవరకు పని ఆపేశారు. అందుకే ఈ మధ్యాహ్నం వంటింట్లో కూర్చుని నీకు జవాబు రాస్తున్నాను.

నీ కాలేజీ వ్యాసం కోసం 'భయం' అనే మాట గురించి అడిగావు. అది సంస్కృతం నుంచి వచ్చిందనీ, మన పాత మాట 'వెరపు' అనీ నువ్వు రాస్తేనే తెలిసింది. జంకు, బెదురు, హడలు, గుబులు, ఇన్ని మన దగ్గరే ఉండగా బయట నుంచి ఇంకోటి తెచ్చుకోవడం ఎందుకన్నాను. "ఒక్కదానితో సరిపోయే పనా అది?" అంది మీ అమ్మ. ఆకలి వేసినట్టు, చలి వేసినట్టు భయం కూడా 'వేస్తుంది' అని రాశావే, అది నాకు బాగా నచ్చింది. నిజమే, అది ఒంటికి సంబంధించిన వ్యవహారం. నాకైతే ముందు అరిచేతుల్లో తెలిసేది.

మా పనిలో ఆ మాట ఎలా వాడతారని కదా రెండో ప్రశ్న. చిన్నప్పుడు నువ్వు అల్లరి చేస్తే "దీనికి బొత్తిగా భయం లేకుండా పోయింది" అని నానమ్మ తిట్టేది చూడు, మేమూ అలాగే వాడతాం. భయం లేకపోవడం మా దగ్గర తప్పు. పద్నాలుగు అంతస్తుల మేడ పైన, పిట్టగోడ దాటే ముందు మేస్త్రీ ఒక్కొక్కరినీ ఆపుతాడు.

"భయముందా?"

"ఉంది."

లేదన్నవాణ్ణి ఆ రోజు దింపడు, కింద బకెట్లు మోయిస్తాడు. ఉందన్నాక నడుం బెల్టు దగ్గర తాడు ముడి చూడాలి. ఎవరిది వాళ్లు చూసుకుంటే సరిపోదు, తాను వేసిన ముడి మీద ఎవరికైనా నమ్మకం ఎక్కువే. నాది ఈల చూడాలి, ఈలది నేను చూడాలి. వేలితో తడిమి, గట్టిగా లాగి, భుజం తట్టాలి. తట్టాకే దిగడం.

మేస్త్రీ అడిగినప్పుడల్లా ఈల "పెళ్లయినవాణ్ణి, భయానికేం తక్కువ?" అనేవాడు. పని చేస్తున్నంతసేపూ ఈల వేస్తూనే ఉంటాడని ఆ పేరు. అసలు పేరు ఆసుపత్రి చీటీ మీద చూసి తెల్లబోయాను.

ఆ రోజు ఐదో అంతస్తు దగ్గర అతని పాట ఆగింది. తల తిప్పేసరికి ముడి ఊడి తాడు జారిపోతోంది. ఆపదకని విడిగా కట్టే రెండో తాడు పట్టుకుంది కాబట్టి నేల మీద పడలేదు. గోడకు కొట్టుకుని తుంటి ఎముక విరిగింది. ముడి చూశావా అని ఆఫీసువాళ్లు నన్ను అడిగారు. చూశానన్నాను. అయితే దిగాక అతనే దాన్ని కదిపి ఉంటాడని రాసుకున్నారు.

ఇక దాచలేను తల్లీ. నేను చూడలేదు. భుజం తట్టాను, అంతే. ఆ ఒక్కరోజే అయితే పొరపాటు అనుకోవచ్చు. ఏడాదిగా నాకు భయం వేయడం లేదు. ఎప్పుడు పోయిందో కూడా తెలియదు. మేస్త్రీ అడిగితే నోరు "ఉంది" అనేది, కళ్లు ఎదుటి మేడ మీద బట్టలారేసేవాళ్లను చూస్తుండేవి. చూసినట్టు తట్టడం అలవాటైపోయింది. నా ముడి మాత్రం ఈల ఒక్కరోజు కూడా మానకుండా లాగి చూసేవాడు. అది గుర్తొస్తే సిగ్గుతో చచ్చిపోతున్నాను.

నిన్న చెప్పేద్దామనే ఆసుపత్రికి వెళ్లాను. అతని భార్య మంచం పక్కనే ఉంది. నేను నోరు తెరిచేలోపు ఈలే నా చెయ్యి పట్టుకున్నాడు.

"నన్ను తిట్టన్నా. నేనే ఏదో కెలికుంటాను. నువ్వు చూసి తట్టావంటే ఆ ముడిలో తప్పుండదు."

"మీకెక్కడ మాటొస్తుందోనని ఒకటే దిగులు అన్నయ్యా ఈయనకి," అంది ఆమె.

గ్లాసులో నీళ్లు పోసి ఇచ్చి, వచ్చేశాను.

రేపు నిజం చెబితే నన్ను ఇక తాడు ముట్టనివ్వరు. ఈ వయసులో నాకు వేరే పని రాదు. చెప్పకపోతే, కుంటుకుంటూ వచ్చే ఈలను గేటు దగ్గరి నుంచే పంపేస్తారు. నన్నెవరూ అనుమానించడం లేదు, ఊరికే కూర్చుంటే చాలు. అంత సులువుగా ఉండటమే నాకు భయంగా ఉంది. ఏడాది తర్వాత మళ్లీ వేస్తోంది, అరిచేతుల్లో తెలుస్తోంది.

అందుకే ముందు నీకు రాశాను. మేస్త్రీ ముందు ఏడాది పాటు అబద్ధమాడినవాణ్ణి, రేపు ఇంకోసారి ఆడనని నాకే నమ్మకం లేదు. ఉదయం ఈ కవరు పోస్టు డబ్బాలో వేసి, ఆ తర్వాతే ఆఫీసు మెట్లెక్కుతాను. డబ్బాలో పడ్డాక ఇది నా చేతికి తిరిగి రాదు. అక్కడ నేను ఏం చెప్పినా, నువ్వు మాత్రం ఇది చదివి తీరతావు.

ఇట్లు,
నీ ముందు తలెత్తుకు నిలబడాలనుకునే
నాన్న