బోర్డు మీది పదో తేడా

నేను, ఆవునూరి రాయమల్లు, కీర్తిశేషులు పోచయ్య కుమారుణ్ని, వయసు అరవై ఒకటి, గనిలో ఇంజన్ డ్రైవర్‌గా చేసి రిటైరైనవాణ్ని, ఆదిలాబాద్ జిల్లా బెల్లంపల్లి నివాసిని, ఎవరూ భయపెట్టకుండా, ఎవరూ బతిమాలకుండా, నా ఇష్టంతో ఈ వీలునామా రాయించుకుంటున్నాను. వచ్చే సోమవారం హైదరాబాదులో నా గుండెకు ఆపరేషన్. భయం లేదని డాక్టరు గారు చెప్పారు. ఆ మాట రెండుసార్లు చెప్పారు కనుక ఈ పని ముందే పెట్టుకున్నాను. నా గుండె గురించి అనుమానం ఉంది గాని, నా తెలివి గురించి ఎవరికీ లేదు.

1. నేను ఉంటున్న రెండు గదుల రేకుల ఇల్లు, వెనక ఉన్న జామచెట్టుతో సహా, నా భార్య భూమవ్వకు చెందాలి. నా తదనంతరం ఆమెను ఎవరూ "మా దగ్గరికి వచ్చి ఉండు" అని పరేషాన్ చేయరాదు. ఆమెకు ఎక్కడ ఉండాలనిపిస్తే అక్కడ ఉంటుంది. ముప్పై ఎనిమిదేళ్లుగా అదే జరుగుతోంది.

2. నా కూతురు బాలలక్ష్మి చొప్పదండిలో టీచరు. నా చేతి గడియారం ఆమెకు. దానితోపాటు బజారులో నేను నడిపే వీడియో గేము దుకాణం తాళంచెవి ఒకటి. అక్కడున్న కుస్తీ మిషన్ మీద ఆమె నాకన్నా బాగా ఆడేది. పెళ్లయ్యాక మానేసింది. ఎందుకు మానేశావని నేను అడగలేదు. అడగవలసింది. ఆమె ఎప్పుడు వచ్చినా, రూపాయి బిళ్ల వేయకుండా, ఎంతసేపైనా ఆడుకోవచ్చు. అల్లుడు బయట బెంచీ మీద కూర్చోవచ్చు.

3. నా సోల్డరింగ్ ఐరన్ నా మిత్రుడు, గని ఎలక్ట్రీషియన్ లింగమూర్తికి. అది మూడేళ్ల క్రితం తీసుకుపోయినప్పటి నుంచి ఆయన దగ్గరే ఉంది. ఇకమీదట న్యాయంగా ఉంటుంది. ఈ వీలునామా అమలు బాధ్యత కూడా ఆయనదే.

4. కుస్తీ మిషన్. ఈ అంశం పొడవుగా ఉంటుందని దస్తావేజు లేఖరి రాజం గారికి ముందే చెప్పాను. పేజీకింత అని తీసుకుంటారు కనుక ఆయన అభ్యంతరపెట్టలేదు.

దీన్ని 1992లో నాగపూర్‌లో మూతపడ్డ ఒక ఆటల హాలు నుంచి లారీ మీద తెప్పించాను. మనిషెత్తు చెక్కపెట్టె, లోపల టీవీ. ముందున్న పలక మీద ఎడమవైపు బొమ్మను కదిపే కర్ర ఒకటి, కుడివైపు రెండు వరుసల్లో ఆరు బటన్లు. పై వరుస గుద్దులకు, కింది వరుస తన్నులకు. పన్నెండు మంది యోధుల్లో ఒకణ్ని ఎంచుకొని ఎదుటివాడితో కొట్లాడాలి. ముప్పై ఏళ్లు గనిలోకి మనుషులను తాడు మీద దించి, పైకి తీసిన చేయి నాది. లీవరు కదలడానికీ, కింద మనుషులున్న బోను కదలడానికీ మధ్య ఎంత సందు ఉండాలో ఆ చేతికి తెలుసు. ఈ మిషన్‌లో ఆ సందు లేదు. అందుకే కొన్నాను.

1993లో నా తమ్ముడు గంగయ్య పదమూడేళ్ల దుబాయ్ నౌకరీ వదిలి వచ్చాడు. వస్తూ టీవీకి తగిలించి ఆడే ఇంటి గేము పెట్టెలు రెండు తెచ్చాడు. నా మిషన్‌లో ఉన్న గేమే వాటిలోకి కాసెట్‌గా వచ్చింది. నా దుకాణానికి సరిగ్గా ఎదురుగా షట్టరు అద్దెకు తీసుకొని, "అన్న దగ్గరున్న గేమే, కూసొని ఆడుండ్రి" అని జనాన్ని పిలిచాడు.

అదే గేమో కాదో చూద్దామని వెళ్లాను. కాసెట్ డబ్బా మీద పన్నెండు మంది బొమ్మలున్నాయి. లోపల ఎనిమిది మందే ఉన్నారు. నేను ఆడే పహిల్వాన్ లేడు. రేవు దగ్గరి కొట్లాటలో వెనక చప్పట్లు కొట్టే జనం ఇక్కడ రాళ్లలా నిలబడి ఉన్నారు. గుద్దు తగిలితే పాట ఆగిపోయి, చప్పుడు అయ్యాక మళ్లీ మొదలవుతుంది. ఆరు బటన్లకు బదులు మూడే ఉన్నాయి. తన్నాలంటే పక్కనున్న స్టార్ట్ బటన్ నొక్కి గుద్దులను తన్నులుగా మార్చుకోవాలి. ఈలోపు ఎదుటివాడు తంతాడు. అన్నిటికన్నా ముఖ్యం, చేయి కదిలాక లోపలి మనిషి కదలడానికి రెప్పపాటు ఆలస్యం. అలాంటి ఇంజన్ మీద నేను మేకను కూడా గనిలోకి దించను.

పండుగ అమ్మకాలకు అందించాలని ఆదరాబాదరాగా గేమును ఇంటికి కుదించారని నా మిషన్ బిగించడానికి వచ్చిన నాగపూర్ మెకానిక్ చెప్పాడు. కుదించినవారి పేర్లు నాకు తెలియవు. వారికి నా ఆస్తిలో ఏమీ రాదు.

తేడాలు మొత్తం తొమ్మిది తేలాయి. రేకు మీద నంబర్లు వేసి రాయించి, దుకాణం ముందు వేలాడదీశాను. ఒక ఆదివారం గంగయ్య రోడ్డవతలి నుంచే కేకేశాడు: "ఏందే అన్నా, బోర్డు రాసుడు గాదు. దమ్ముంటే వచ్చి ఆడు!" వెళ్లాను. ఐదు ఆటలు ఆడి ఐదూ ఓడాను. "ఇగ నా మిషన్ మీదికి రా" అన్నాను. వాడు లేవలేదు. "నేను రాను" అన్నాడు. "ఎందుకు రావురా?" అంటే, "రానంటే రాను" అన్నాడు. బజారంతా విన్నది.

మరునాడు బోర్డు మీద పదో తేడా రాయించాను: "ఎదుటి షాపు ఓనరు అసలు మిషన్ మీద ఆడలేడు." దుబాయ్ నుంచి వచ్చినప్పటి నుంచి వాడు అన్నం చెంచాతో తింటాడు. అదంతా గల్ఫ్ సోకు అని పెళ్లి భోజనాల బంతుల్లో నలుగురినీ నవ్వించాను కూడా. ఈ రెండు పనులూ నేను చేసినవేనని ఇక్కడ రాయిస్తున్నాను.

నాలుగు రోజులకు గంగయ్య భార్య యాదవ్వ దుకాణానికి వచ్చింది. మధ్యాహ్నం, ఎవరూ లేరు. ఆమెకు చదువు రాదు.

"బావా, బోర్డు మీద పదోది సదివిచ్చుకున్న" అన్నది. "నువ్వు రాసింది అబద్ధం గాదు. గాయిన ఆడలేడు. దుబాయ్‌ల కుడిచెయ్యి మిషన్ల వడ్డది. పైకి మంచిగనే కనవడతది. నాలుగు వేళ్లు వంగయి, బొటనేలు ఒక్కటే పనిచేస్తది. గా ఇంటి గేము బొటనేలుతోని ఆడచ్చు. నీదాని మీద ఆరు బటన్లు ఎట్ల ఒత్తుతడు? గా చెంచా గూడ సోకు గాదు. నీకు చెప్పద్దన్నడు. నీకొక్కనికే చెప్పద్దన్నడు."

నేను కూర్చోమని అనలేదు. అనాలని తోచలేదు. ఆమె వెళ్లిపోయాక రేకు దించి పదో నంబరు మీద నల్ల పెయింటు వేశాను. మిగిలిన తొమ్మిదీ నిజాలే కనుక ఉంచాను.

తర్వాత లింగమూర్తిని పిలిచి కొత్త పలక చేయించాను. కర్ర ఎడమవైపే ఉంది. ఆరు బటన్లూ చిన్నవి, ఒక్క బొటనవేలుకు అందేంత దగ్గరగా, ఏటవాలుగా. మొదటి రెండు పలకలు పనికిరాలేదు. సరిచూడటానికి నా నాలుగు వేళ్లు గుడ్డతో కట్టుకొని ఆడాను. నెలపాటు అందరి చేతుల్లో ఓడాను. ఆ నెలలోనే ఒక పూట వేళ్లు విప్పుకోకుండా అన్నానికి కూర్చున్నాను. భూమవ్వ చెంచా తెచ్చి పెట్టింది. గంగయ్య మా ఇంటికి భోజనానికి వచ్చినప్పుడు ఇప్పుడు అందరం చెంచాలతోనే తింటాము. నా తర్వాత కూడా అలాగే జరగాలి.

మూడో పలక బిగించి వాణ్ని పిలిచాను. వచ్చాడు, గుమ్మంలోనే నిలబడి చూశాడు. "నాకోసం మిషన్ను కోసినవా?" అన్నాడు. "అసలు మిషన్, అసలు మిషన్ అంటివి. ఇప్పుడు గిదిగూడ నకలే గదనే." అని వెళ్లిపోయాడు. యాదవ్వతో నెల రోజులు మాట్లాడలేదని తర్వాత తెలిసింది.

వాడన్నది తప్పని చెప్పలేను. ఆ పలకను మాత్రం తీయలేదు. ఏడాదిన్నరకు పైగా నేను దాని మీదే ఆడాను. పిల్లలు, పెద్దలు పాత పలక బిగించమని గొడవ చేశారు, కొందరు రావడం మానుకున్నారు. 1996లో ముసురు పట్టిన ఒక పగలు, రెండు షాపుల్లోనూ గిరాకీ లేదు. గంగయ్య గొడుగు లేకుండా రోడ్డు దాటి వచ్చి, తల తుడుచుకోకుండానే మిషన్ ముందు నిలబడ్డాడు. నేను బిళ్ల వేశాను. వాడు పహిల్వాన్‌ను ఎంచుకున్నాడు. అడగకుండా నా పహిల్వాన్‌నే తీసుకున్నాడు. మూడు ఆటలు ఓడిపోయి నాలుగోది గెలిచాడు.

"నిజమే అన్నా, నా దాంట్ల జర ఆలస్యమున్నది" అన్నాడు.

"జర గాదు" అన్నాను.

కావున సదరు కుస్తీ మిషన్, దుకాణం అద్దె హక్కు, మూడో పలక, మంచం కింద గోనెసంచిలో ఉన్న పాత పలక, అన్నీ నా తమ్ముడు ఆవునూరి గంగయ్యకు చెందాలి. ఏ పలక ఎప్పుడు బిగించాలో వాడి ఇష్టం. గేము లోపలి కష్టాన్ని మాత్రం తగ్గించరాదు. రేకు బోర్డును తీసేయాలనుకుంటే తీసేయవచ్చు. పదో నంబరు మీది నల్ల పెయింటును గీకి చూడరాదు.

5. యాదవ్వకు నా దగ్గర ఉన్నదాంట్లో ఇవ్వదగినది ఏదీ దొరకలేదు. ఆమె ఆ రోజు నిలబడే మాట్లాడి వెళ్లింది. దుకాణంలో కొత్త కుర్చీ ఒకటి తెప్పించాను. అది ఆమెది. ఇతరులు కూర్చుంటే లేపాలి.

6. నిన్న ఈ రాత మొత్తం గంగయ్యకు చదివి వినిపించాను. లాభం పొందేవాడు సాక్షి సంతకం పెట్టకూడదని రాజం గారు చెబితే, "సంతకం ఎవడు పెడుతుండు? ఒక్క ముక్క రాయుండ్రి. అన్న మంచిగ తిరిగొస్తే గిది చింపేస్తమని రాయుండ్రి" అన్నాడు. వీలునామాలో అలా రాయడం పద్ధతి కాదని రాజం గారు కలం కింద పెట్టారు. అందుచేత ఈ చివరి నాలుగు వరుసలు నా చేతిరాత.

ఆపరేషన్ తర్వాత నేను బెల్లంపల్లి స్టేషన్‌లో నా కాళ్ల మీద దిగినచో ఈ కాగితం చెల్లదు. దీన్ని చింపే హక్కు గంగయ్యది. దస్తావేజు కాగితం గట్టిగా ఉంటుంది, ఒక్కడి వల్ల కాదు. రెండో కొస నేను పట్టుకుంటాను.

బెల్లంపల్లి,
1997 నవంబరు 19, బుధవారం.

(సంతకం) ఆవునూరి రాయమల్లు

సాక్షులు:
1. మల్లన్న, టీ హోటల్, బజారు ఏరియా
2. రాములు, గని కార్మికుడు

దస్తావేజు లేఖరి: రాజం (చివరి నాలుగు వరుసలు మినహా)