గుమ్మానికి కట్టిన సీడీ

సింహాచలం బావా,

నువ్వు పోయి రేపటికి ఏడాది. ఇవాళ జరిగింది నీకు చెప్పకుండా ఉండలేక ఇవాళే రాస్తున్నాను.

పొద్దున్న హార్బర్ దగ్గర మన నెట్ సెంటర్‌కి తనిఖీవాళ్లు వచ్చి విండోస్ బిల్లు అడిగారు. కంప్యూటర్ల బిల్లు చూపించాను. "ఇది పెట్టెలదండీ. లోపలున్న విండోస్‌ని వేరే కొనాలి," అన్నారు. రేటు చెప్పారు. పెట్టెలన్నీ అమ్మినా అంత రాదు బావా! విండోస్‌ని డబ్బిచ్చి కొంటారని మనకెవరు చెప్పారు? సాయంత్రంలోగా తీసెయ్యకపోతే సెంటర్‌కి సీలు వేస్తామని వెళ్లిపోయారు.

అప్పుడు గుమ్మంకేసి చూశాను. ఎక్కడో ఊరికే పంచుతుంటే నువ్వు తెచ్చిన లినక్స్ సీడీ. విండోస్ చేసే పనే చేస్తుందని నువ్వు చెప్పినా నేను ముట్టుకోలేదని, "పోన్లే, దిష్టికైనా పనికొత్తాది," అంటూ నిమ్మకాయల పక్కన నువ్వే కట్టావు. దించి, తుడిచి కంప్యూటర్లో పెట్టాను. ఎక్కింది! అన్ని పెట్టెల్లోనూ విండోస్ పోయి అదే ఎక్కింది.

సాయంత్రం ఐస్ ఫ్యాక్టరీ అప్పారావు వచ్చి, గుమ్మంలోంచే తెరల మీద కొత్త బొమ్మలు చూసి, "ఎంతెట్టి కొన్నావేటి?" అన్నాడు. ఊరికే వచ్చిందన్నాను.

"ఊరికే ఎవుడిత్తాడ్రా!" అని పగలబడి నవ్వాడు.

ఇచ్చింది నువ్వని, గుమ్మానికి కట్టి పోయావని చెప్పాను. నవ్వు ఆపేసి, చెప్పులు బయట విడిచి లోపలికొచ్చాడు.