మరక లేని వేలి గురించి మనవి

వార్డు ఎన్నికల అధికారి గారి సముఖమునకు,

అయ్యా,

ఈ అర్జీ చదువుతూ తమ టీ చల్లారిపోయినా, తమ భోజన విరామం హరించుకుపోయినా, ప్రజాస్వామ్యం గోడకు ఎక్కడైనా చిన్న బీట పడినా, ఆ పాపమంతా నాదేనని ముందుగానే క్షమాపణ వేడుకుంటున్నాను.

విషయం: నిర్బంధ ఓటు చట్టం కింద మా నాయనమ్మ పేరు 'ఓటు ఎగవేతదారుల' బోర్డుకెక్కుట, దానిని దించుట గురించి.

1. నిర్బంధ ఓటు వల్ల మేలు లేదని నేననను. అందరూ ఓటు వేయక తప్పదు గనుక అభ్యర్థులు మా సందుకు కూడా రావలసి వచ్చింది. వారి చెప్పులు తడవకూడదని మురుగు కాలువ బాగుచేశారు. ఏళ్ళ తరబడి మాటల్లేని మా నాన్న, బాబాయి ఒకే వరసలో నిలబడి, ఎండ గురించి మాత్రం ఏకాభిప్రాయానికి వచ్చారు.

2. కీడు కూడా కలదు. మా సందు మంగలి, "షాపులో సగం గడ్డంతో మనిషిని కూర్చోబెట్టి వచ్చానండీ, పేర్లు చదివే తీరికెక్కడిది? పైనున్న బటన్ నొక్కేశా" అన్నాడు. మా అమ్మ అయితే, "పాపం, ఫోటోలో ఆ అబ్బాయి బొత్తిగా చిక్కిపోయాడురా" అని జాలిపడి వేసింది.

3. అసలు బాధ ఇది. మా నాయనమ్మ ఆసుపత్రిలో దుప్పట్లు ఉతికి రిటైరైన మనిషి. మరక కనబడితే ఆమెకు అన్నం సహించదు. ఓటు వేసి వచ్చి, చెప్పులు విప్పకముందే బ్లీచింగ్ పౌడరు, బ్రష్షు అందుకుని, వేలిమీది సిరాను గోరు పైపొరతో సహా వదలగొట్టింది. మర్నాడు వేళ్ళ తనిఖీకి వచ్చిన తమ సిబ్బంది "వేలు తెల్లగా ఉంది, వేయలేదు" అని రాసుకుపోయారు. పోలింగు రిజిస్టరులో ఆమె సంతకం ఉన్నది. "సీలు వేశాం బాబూ, తెరవాలంటే పైనుంచి ఉత్తర్వు రావాలి" అని తమ గుమాస్తా సెలవిచ్చారు.

4. అదే తనిఖీలో నా వేలు చూసి ముచ్చటపడి, నా ఫోటో తీసి, అదే బోర్డుకు ఎడమవైపు 'ఆదర్శ ఓటరు' అని అంటించారు. కుడివైపు నాయనమ్మ పేరు. ఆమె వీధి తలుపు తీయడం మానేసింది. "జ్వరంతో కూడా వెళ్ళి వేశాను కదరా. నన్ను ఎగవేతదారు అంటారా?" అని గోడకేసి తిరిగి పడుకుంటోంది. లేచినప్పుడు మాత్రం బ్రష్షు పట్టుకుని, "నీ మరక ఇంకా పోలేదేంట్రా, ఇలా తే" అని నా వెంట పడుతోంది.

కావున రిజిస్టరు తెరిపించి ఆమె పేరు తొలగించవలసినదిగా, అది కుదరనిచో కనీసం ఆ బ్రష్షునైనా జప్తు చేయించవలసినదిగా ప్రార్థన. ఈ కాస్త చిత్తగించవలెను.

తమ విధేయుడు,
ఆదర్శ ఓటరు
(బోర్డుకు ఎడమవైపు, పళ్ళికిలిస్తున్నవాడు)

తా.క.: సంతకం పెడుతుండగా నాయనమ్మ నా వేలు దొరకబుచ్చుకుంది. ఒక్క రుద్దుకే పోయింది. "ఎన్నికల సిరా ఇంత తేలిగ్గా వదలదురా. ఇది నా తలకేసుకునే రంగు" అంది.

అవునండి. పోలింగు నాడు లైను చూసి, మళ్ళీ వద్దాంలే అని ఇంటికెళ్ళి నిద్రపోయాను. లేచేసరికి గేట్లు మూసేశారు. మర్నాడు తమ సిబ్బంది రాకముందే, సీసా అడుగున మిగిలిన ఆ రంగు అగ్గిపుల్లతో పూసుకున్నాను.

ఆమె పేరు తీసేస్తే బోర్డు బోసిపోతుందని తమరు దిగులుపడనక్కర్లేదు. నా ఫోటో కుడివైపుకు జరపండి. ఎడమవైపుకు ఆమె ఫోటో పంపుతాను, కాస్త ఆలస్యమవుతుంది. రంగేసుకుని గానీ ఫోటో దిగదట. సీసాలో చుక్క మిగల్చలేదని నన్ను తిడుతోంది.