ఒకే ఇంటిపేరు

చర్ల, ఆగస్టు 2006, మంగళవారం

ఆసుపత్రి నుంచి నేను పంపిన టైఫాయిడ్ శాంపిళ్ల రిపోర్టు వచ్చింది. బ్యాక్టీరియాను చంపే ఫేజ్ వైరస్‌లతో టైఫాయిడ్ క్రిమి ఏ రకమో తేల్చారు. జ్వరంతో పడుకున్న ముగ్గురిలో ఉన్నదీ, ఏ జబ్బూ లేని లచ్చవ్వలో ఉన్నదీ ఒకటే రకం. ఆ ముగ్గురూ ఆమె కాసిన జావ తాగినవాళ్లే. ఈ ఊళ్లో నన్ను పిలిచి అన్నం పెట్టేదీ ఆమె ఒక్కతే. టీకా వేయించుకుని ఉండబట్టి నేను తప్పించుకున్నానేమో.

సాయంత్రం వెళ్లి, మందులు వాడేదాకా ఎవరికీ వండొద్దన్నాను. ఎందుకని అడిగింది. అర్థమవ్వాలని, "నీ కడుపుల పురుగుదీ వాళ్ల పురుగుదీ ఒక్కటే ఇంటిపేరు అవ్వా" అన్నాను. అనకుండా ఉండాల్సింది.

ఆమె నా అన్నవాళ్లు లేని మనిషి. మొహం వెలిగిపోయింది.

"గట్లనా బిడ్డా? ఇన్నేళ్లకు నాకు సుట్టాలు దొరికిండ్రు. పొద్దుగాల్నే ఆళ్లకు ఇంత జావ కాసుకపోత."

వద్దని మళ్లీ చెప్పినా వినలేదు. తెల్లారకముందే వెళ్లి ఆ జావ కుండ దింపించాలి. నాకున్న చుట్టం కూడా ఆమె ఒక్కతే.