శనివారం దగ్గే టాక్సీ

భవానీపూర్, మంగళవారం

బాబా, నీ పాదాలకు నీ కూతురి దండం. నేనూ మన రిపేరు షెడ్డూ బాగానే ఉన్నాం, దీదీ ఇంట్లో నీ కంటికట్టు విప్పేదాకా దిగులు పెట్టుకోకు.

ఖగేన్ కాకా అంబాసిడర్ గుర్తుందిగా? నువ్వు ప్లగ్గులు మార్చినా, కార్బురేటర్ కడిగినా శనివారం పొద్దున మాత్రం దగ్గే టాక్సీ. ఇక పాత ఇనుముకి అమ్మేస్తానని వచ్చాడు. "మీ నాన్న వల్లే కాలేదు, నీవల్ల ఏమవుతుందే పారుల్?" అన్నాడు. నాకు ఒళ్లు మండింది. "శనివారం పొద్దున్నే ఇక్కడికి రా కాకా. ఇంటి దగ్గర చేసేవన్నీ నా కళ్లముందు చెయ్యి" అన్నాను.

వచ్చాడు. బానెట్ ఎత్తి, శనిదేవుడికని అగరొత్తులు తిప్పి, ఇంజను మీద గంగాజలం చిలకరించాడు. స్టార్ట్ చేస్తే అదే దగ్గు! డిస్ట్రిబ్యూటర్ మూత తీసి చూశాను. వెంట్రుకంత పగులు, అందులోంచి గంగాజలం దిగి లోపల తడి. ఇక ప్లగ్గులకి కరెంటు ఎలా అందుతుంది? ఇంజను వేడికి ఆ తడి ఆరిపోయాక బండి మామూలైపోతుంది. అందుకే షెడ్డుకొచ్చేసరికి ఆ జబ్బు మనకి ఏనాడూ దొరకలేదు.

"గంగమ్మకే వంక పెడతావా?" అని కాకా కోప్పడ్డాడు.

"వంక మూతది కాకా. కొత్తది బిగించాను. నువ్వు మాత్రం ఇకనుంచి నీళ్లు చక్రాలమీద చల్లుకో" అన్నాను.

బేరింగులు ఊడలాగే చిన్న పుల్లర్ ఎక్కడ పెట్టావో రాయించు. అక్కడ కృష్ణానగర్‌లో ఖర్జూరబెల్లం వచ్చిందా? వస్తే దీదీని కొంచెం పంపమను. పిల్లలకి నా ముద్దులు.

నిన్న టాక్సీస్టాండు నుంచి ఒక కొత్త డ్రైవరు వచ్చి "బండ్లు బాగుచేసే మిస్త్రీ ఎక్కడ?" అనడిగాడు. నేను నోరు తెరిచేలోపే పక్కనే ఉన్న ఖగేన్ కాకా కసిరాడు: "ఎదురుగా నిలబడి ఉంది, కనపడట్లేదా?"

నీ పారుల్