యాకమ్మను చావనివ్వలేదు

2025 జూన్ 6, శుక్రవారం

ఈ డైరీ ఏనాటికైనా ఎవరి చేతికైనా చిక్కితే, ఆ మహానుభావులకు నా క్షమాపణలు ముందుగానే సమర్పించుకుంటున్నాను. నా చేతిరాతకు క్షమాపణ. బీటెక్ చదివి బొమ్మల నోటి పక్కన మాటల బెలూన్లు నింపుతున్నందుకు, ఫీజులు కట్టిన మా బాపుకు క్షమాపణ. మాంగా అనే మహత్తర బొమ్మల కథల కళను జనగామలో, కారం గోదాము పై అంతస్తులో, తుమ్ముతూ తయారు చేస్తున్నందుకు యావత్ జపాను ప్రజలకు సాష్టాంగపడి క్షమాపణ. ఇంతకు మించి నేను ఏ పాపం ఎరగను.

స్టూడియో నా క్లాస్‌మేట్ అభినవ్‌ది. పైసలు వాళ్ల నాన్న నర్సింగరావువి. ఆయనకు తొర్రూరులో కారం పొడి హోల్‌సేల్. బొమ్మలు గీసేది గార్ల ఊరి అమ్మాయి రూప. మాటలు రాసేది నేను. మా కామిక్ పేరు ‘యాకమ్మ’. శుక్రవారం శుక్రవారం ఫోన్లలోకి వస్తుంది. మిరపచేలో కూలికి పోయే యాకమ్మ తిడితే కోతులు వరసలో నిలబడతాయి. వాన ఆగుతుంది. దయ్యాలు సారీ చెబుతాయి.

జూన్ 20

లక్ష మంది చదివారు. అభినవ్ సమోసాలు తెప్పించాడు. రూప తినలేదు.

జూన్ 21

ఎందుకు తినలేదో ఇవాళ చెప్పింది. యాకమ్మ కల్పన కాదు. రూప వాళ్ల అవ్వ, అంటే కన్నతల్లి. ఆమె పేరు అదే. కరోనాలో పోయింది. నేను రాసిన తిట్లన్నీ ఆమెవే. రూప చెబుతుంటే రాసుకుని, నా ప్రతిభ అనుకుని తిరుగుతున్నాను.

మూడోనాడు పిట్టకు పెట్టారట. పోయినవాళ్లకు ఇష్టమైనవి వండి, విస్తరిలో పెట్టి, దూరం జరిగి నిలబడతారు. పిట్ట ముట్టకపోతే, మనిషికి ఏదో తీరలేదని అర్థం. ఒక్కొక్కరు ముందుకొచ్చి, నీ బిడ్డను మంచిగా చూసుకుంటం, రంది పెట్టుకోకు అని మాటివ్వాలి. పిట్ట ముట్టేదాకా ఇస్తూనే ఉండాలి. కరోనా భయంతో ఆ రోజు వచ్చిందే నలుగురు. పిట్ట రాలేదు. ఎండ ముదిరిందని అందరూ లేచి వచ్చేశారు.

ఈ కామిక్ అంతా రూప మొదలుపెట్టింది చివరి భాగం కోసమే. అందులో యాకమ్మ చనిపోతుంది. పిట్ట వస్తుంది.

నేను ఏదో జోకు వేయబోయాను. రాలేదు.

జులై 9

నర్సింగరావు సార్ వేంచేశారు. యాకమ్మ మొహం కారం ప్యాకెట్ మీద వేస్తారట. కాకపోతే నాయనమ్మలా ఉండాలట. తెల్లజుట్టు ఉంటే జనం నమ్ముతారట. అభినవ్ నాకు జపాన్ సంగతి చెప్పాడు. అక్కడా ఆటబొమ్మలు అమ్మే కంపెనీ వాళ్లే కమిటీలో కూర్చుని కథ ఎటు పోవాలో చెబుతారట. వాడి గోడ నిండా అనిమే, అంటే జపాన్ కార్టూన్ సినిమాల, పోస్టర్లే. వాడికి నిజంగానే ప్రేమ. అదే బాధ.

రూప ఒక్క మాటే అంది. “మా అవ్వ తల నెరవకముందే పోయింది సర్.”

సాయంత్రానికల్లా జుట్టు తెల్లగా చేసి ఇచ్చింది. చివరి భాగం తన ఇష్టప్రకారం ఉంటే చాలట.

జులై 18

మా కామిక్‌ను అనిమేగా కూడా తీస్తున్నారు, దాని టీజర్ వచ్చింది. యాకమ్మకు హైదరాబాద్‌లో ఎవరితోనో డబ్బింగ్ చెప్పించారు. అన్ని జిల్లాలకూ అర్థం కావాలని భాషను కడిగి ఆరేశారు. కోతిని చూసి, ఏమండీ, ఇలా చేస్తే ఎలాగండీ అంటుంది. కోతి కూడా సిగ్గుపడినట్టే ఉంది.

జులై 30, పొద్దున 11

మీటింగ్. రూప చివరి భాగం పేజీలు ప్రింట్ తీసి టేబుల్ మీద పరిచింది. ఒక్క బెలూన్ లేదు. మొత్తం ఎపిసోడ్‌లో నాకు పని లేదు, జీతం దండగ అన్నాను. ఎవరూ నవ్వలేదు. చివరి పేజీలో విస్తరి, దాని అంచు మీద కాలు పెట్టిన పిట్ట, దూరంగా జనం వీపులు. అంతే. నేను పేజీ తిప్పడం మరిచిపోయాను.

నర్సింగరావు సార్ అన్నీ చూశారు. చెడ్డగా మాట్లాడలేదు. నెమ్మదిగానే అన్నారు.

“సచ్చిన మనిషి బొమ్మ ఉన్న ప్యాకెట్ ఎవడు కొంటడు బిడ్డా? ఆమెను సంపకు.”

“ఆమె ఎప్పుడో సచ్చిపోయింది సర్.”

“గది మీ ఇంట్ల. ప్యాకెట్ మీద బతికే ఉండాలె.”

అభినవ్ ఫోన్ చూసుకుంటూ కూర్చున్నాడు. ఫోన్ ఆఫ్‌లో ఉంది.

అదే రోజు, సాయంత్రం

రూప మానేసింది. అగ్రిమెంట్ ప్రకారం యాకమ్మ పేరూ మొహమూ కంపెనీవి. చివరి భాగం ఎక్కడా వేసుకోకూడదు. స్టేషన్‌కు నేనే దింపాను. రైలు ఎక్కేముందు, రెండోసారి కూడా పిట్టను రానియ్యలేదు చూసినవా అంది. ఏడవలేదు. ఏడిస్తే బాగుండేది.

ఆగస్టు 12

రూపకు భూపాలపల్లిలో ఒక ప్రైవేటు బడిలో డ్రాయింగ్ టీచర్ ఉద్యోగం దొరికింది. మామిడిపండు, జాతీయ జెండా నేర్పిస్తోందట. పిల్లలు యాకమ్మను గీయమని అడుగుతారట. తనకు రాదని చెబుతుందట.

ఆగస్టు 14

హైదరాబాద్ నుంచి ఇద్దరు కుర్రాళ్లు వచ్చారు. పాత బొమ్మలు సాఫ్ట్‌వేర్‌లో వేసి కొత్త యాకమ్మను తీస్తున్నారు. అచ్చం రూప గీతే. రూప వెళ్లినప్పటి నుంచి నేను రాయడం లేదు, సాఫ్ట్‌వేర్‌కేమో మాటలు రావడం లేదు. సాఫ్ట్‌వేర్ యాకమ్మ, ఓ కోతులారా, దయచేసి శాంతించండి అంది. కామెంట్లలో జనం మమ్మల్ని కడిగేశారు.

అభినవ్ టీ తాగుదాం రా అన్నాడు. మళ్లీ రాయమని బలవంతం ఏమీ లేదట. ఇది ఇట్లాగే సాగితే వాళ్ల నాన్న స్టూడియో ఎత్తేస్తాడట. నేను ఆలోచిస్తానన్నాను.

ఆగస్టు 22, శుక్రవారం

యాకమ్మ ఇవాళ సూపర్‌మార్కెట్‌కు వెళ్లి ఏసీని తిట్టింది. పాత యాకమ్మ తిరిగొచ్చిందని కామెంట్లు.

ఆగస్టు 31, ఆదివారం

రూప వదిలేసిన బట్టల సంచీ ఇద్దామని గార్ల వెళ్లాను. వాళ్ల బాపు ఓదెలు ఒక్కడే ఉన్నాడు. ఆటో నడుపుతాడు. చాయ్ పెట్టి ఇచ్చాడు. చక్కెర వేయడం మరిచిపోయాడు. నేనూ చెప్పలేదు.

కాసేపటికి ఫోన్ తీసి యాకమ్మను చూపించాడు. కూడబలుక్కుంటూ చదువుతాడట, ఒక్కో శుక్రవారం భాగానికి ఒక పూటంతా పడుతుందట. బిడ్డకు చెప్పొద్దన్నాడు, బాధపడుతుందట.

“ఆమె పోయినకాన్నుంచి నన్ను తిట్టేటోళ్లు లేరు బిడ్డా. గీ శుక్రారమే ఇంట్ల మనిషున్నట్టు ఉంటది. ఆపకుండ్రి.”

తిరుగు రైలులో జనగామ దాటిపోయినా దిగలేదు.

సెప్టెంబర్ 5, శుక్రవారం

రూప ఫోన్ చేసింది. బడిలో పిల్లలెవరో కొత్త యాకమ్మను చూపించారట. ఆ మాటలు ఎవరు రాస్తున్నారని అడిగింది. సాఫ్ట్‌వేర్ అన్నాను. పాతవన్నీ చదివి అదే నేర్చుకుందన్నాను.



“మనిషైతే ఆపుమని బతిమాలుదామనుకున్న” అంది. పెట్టేసింది.

నేనే రాశాను. ప్రతి మాటా. రాసేటప్పుడు నవ్వుకున్నాను కూడా.