ఆవు చెవిలో లాటిన్

పెనుకొండ,
ఆదివారం.

ఫాదర్ ఇన్నయ్య గారికి,

నమస్కారం. ఈ రోజు లాటిన్ పాఠానికి హిందూపురం రాలేకపోయాను. తప్పు మా ఆవుది.

అది శుక్రవారం ఈనింది, నిన్న రాత్రి నుంచి లేవలేదు. ఈ పొద్దున పశువుల డాక్టరు వచ్చి కాల్షియం ఎక్కించి వెళ్ళాడు. ఇంటర్ రెండో సంవత్సరంలో సచ్చిన బాస ఎందుకని రోజూ తిట్టే మా అవ్వ అప్పుడు నన్ను పట్టుకుంది.

"దేనికీ పనికిరాని సదువు, దీనికన్నా పనికొస్తాదేమో. ఆవు చెవిలో ఆ లాటిన్ సదువు పాపా" అంది.

కంగారులో ఒక్క ప్రార్థనా గుర్తు రాలేదు. మీరు బట్టీ పట్టించిన 'మెన్సా, మెన్సామ్, మెన్సే' వల్లించాను. అంటే బల్ల, బల్లను, బల్లకు అని ఆవుకు చెప్పానన్నమాట. కాసేపటికి అది లేచి నిలబడింది. అవ్వ నా కాళ్ళకు దండం పెట్టింది.

నాకు సిగ్గేసి, లేపింది కాల్షియమేనని నాయనతో చెప్పేశాను.

"డాక్టర్ని పిలుచుకొచ్చింది నేనే గదా, నాకు తెలీదా? మీ అవ్వ ఇన్నాళ్ళకు ఒప్పుకునింది. నోరు మూసుకొని సదువుకో" అన్నాడు.

ఫాదర్, తప్పు ఒప్పుకుంటున్నాను, దీన్ని పాపసంకీర్తనంగా తీసుకోండి. ప్రాయశ్చిత్తం ఏదైనా సరే, లాటిన్‌లో మాత్రం ఇవ్వకండి. అవ్వ వింటే మళ్ళీ దండం పెడుతుంది.

మీ విద్యార్థిని